ఘాతాంకముల పూర్వకథ

సిద్దిపేటలో మా బంధువుల యింట ఒక సాయంకాలము కూర్చుండియుండగా, ఏడవ తరగతి చదువుచున్న యొక బాలిక లెక్కల పుస్తకము ముందు వేసికొని కంట తడి పెట్టుకొనుట చూచితిమి. ఆమె వ్రాసిన లెక్క యిది: 2³ × 2² = 4⁵. దానిపై ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీయబడియున్నది. ఎందుకు తప్పయినది తల్లీ యని యడిగితిమి.

"సూత్రం మరిచిపోయిన తాతయ్యా! కింది అంకె గట్లనే ఉంచాలె, మీది అంకెలు కూడాలె" అనెను.

"గుణించుమన్న చోట కూడుట యెందుకు?"

"గది సూత్రం గద!"

ఆ మాట మా మనస్సును చాల దినములు విడువలేదు. తప్పు వ్రాసినందుకు ఆమె యేడ్చుచున్నది గాని, ఆ తప్పెందుకు తప్పో తెలియనందుకు గాదు. ఒప్పు వ్రాసిన నాడును ఆమెకు తెలియునది యింతకంటె నెక్కువ గాకపోవును. కారణము తెలియక ఒప్పు వ్రాసిన బిడ్డకును, కారణము తెలియక తప్పు వ్రాసిన బిడ్డకును భేదమెంత? మొదటి బిడ్డ పరీక్షలో గట్టెక్కును, అంతియే కదా!

అంతలో ఆ బాలిక నాయనమ్మ ఆరవేసిన గొల్లభామ చీరను తెచ్చి మడత పెట్టుటకు కూర్చుండెను. సిద్దిపేట మగ్గములపై, నెత్తిన కుండ నిడుకొన్న గొల్లపడుచు బొమ్మను నేతలోనే తీర్చి నేయు చీర యిది. మేము దానినే పలకగా జేసికొని లెక్క చెప్పితిమి. చీరను సగమునకు ఒక మాఱు మడచిన రెండు పొరలగును. రెండవ మాఱు మడచిన నాలుగు. మూడవ మాఱు ఎనిమిది. మూడు మడతలకు ఎనిమిది పొరలు; దానినే 2³ అని వ్రాయుదురు. మీద నున్న చిన్న అంకె పొరల లెక్క గాదు, మడతల లెక్క. ఇక మఱి రెండు మాఱులు మడతము. ఎనిమిది పొరలలో ప్రతిదియు నాలుగగును గనుక మొత్తము 8 × 4 = 32. మడతలెన్ని? మూడును రెండును, అయిదు. పొరలు గుణింపబడినవి, మడతలు కూడబడినవి. 2³ × 2² = 2⁵ అనునది యింతే. ఆ బాలిక వ్రాసిన 4⁵ విలువ 1024. "అయిదు మడతలకు వేయి పొరలెక్కడివి తల్లీ?" అనగా కన్నీరు తుడిచికొని నవ్వెను.

తక్కిన న్యాయములును ఆ చీరలోనే యున్నవి. అయిదు మడతల చీరను రెండు మడతలు విప్పిన మూడు మిగులును: 2⁵ ÷ 2² = 2³. రెండేసి మడతల చొప్పున మూడు విడతలు వేసిన ఆఱు మడతలు: (2²)³ = 2⁶, అనగా 64 పొరలు. అన్ని మడతలును విప్పినచో మడతల లెక్క సున్న. అయినను చీర మాయము గాదు, ఒక పొరగా మన యెదుట నుండును. కావుననే 2⁰ = 1. సున్న ఘాతమునకు విలువ ఒకటి యెట్లగునని కళాశాల విద్యార్థులు సైతము తికమకపడుదురు. విప్పిన చీరను చూచిన వారికి ఆ సందేహముండదు.

ఇంత సులువైన యెఱుక మనవారికి ఎప్పటినుండి కలదు? ఈ ప్రశ్నకు సమాధానము మొదట గణితగ్రంథములలో గాక ఛందశ్శాస్త్రమున దొరకును. క్రీస్తునకు పూర్వపు శతాబ్దులకు చెందిన పింగళుడు తన ఛందస్సూత్రములలో ఒక ప్రశ్న వేసికొనెను. ప్రతి యక్షరమును గురువో లఘువో యగును. పాదమున ఇన్ని యక్షరములున్నచో ఎన్ని వృత్తములు పుట్టును? అక్షరమొకటి పెరిగినపుడెల్ల వృత్తముల సంఖ్య రెట్టింపగునని తెలిసినదే. కాని ఊరక రెట్టించుచు పోక, పింగళుడొక దగ్గఱ దారి చూపెను. అక్షరసంఖ్య సరియైనచో సగము చేయుము. బేసియైనచో ఒకటి తీసివేయుము. సున్న వచ్చువఱకు ఇట్లు దిగుము. పిదప వచ్చిన దారినే తిరిగి యెక్కుచు, ఒకటి తీసిన చోట రెట్టింపుము, సగము చేసిన చోట వర్గము చేయుము.

మన తెలుగు చదువరులకు పరిచితమైన ఉత్పలమాలను తీసికొందము. దాని పాదమున 20 అక్షరములు. 20లో సగము 10, అందు సగము 5, ఒకటి తీయగా 4, సగము 2, సగము 1, ఒకటి తీయగా సున్న. ఇక తిరిగి యెక్కుదము: ఒకటిని రెట్టింపగా 2, వర్గము 4, వర్గము 16, రెట్టింపగా 32, వర్గము 1024, వర్గము 10,48,576. ఇరువది యక్షరముల 'కృతి' ఛందమున పుట్టు వృత్తములన్ని. ఉత్పలమాలయు మత్తేభమును వానిలో రెండు. చంపకమాలకు 21 అక్షరములు గనుక దాని ఛందమున వృత్తములు ఇందుకు రెట్టింపు. ఇరువది మాఱులు రెట్టింపవలసిన పని ఆఱు మెట్లలో ముగిసినది. సగము చేసినచోట వర్గము చేయుటకు ఆధారమేమి? 2¹⁰ను తనతోనే గుణించిన 2²⁰ అగుననుటయే, అనగా ఘాతాంకములు కూడుననుటయే. పైయంకె గుర్తు పుట్టుటకు ఎన్నో శతాబ్దులకు ముందే దాని న్యాయము మన పద్యముల నడకలో మెలగుచుండెను.

పింగళుని పిమ్మట ఈ విద్యను పెంచినవారిలో జైనులు ముఖ్యులు. వారి ప్రాచీనాగమములలో నొకటియైన అనుయోగద్వారసూత్రమున, లోకమునందలి మనుష్యుల సంఖ్యను రెండు విధముల చెప్పిరి: రెండు యొక్క ఆఱవ వర్గమును అయిదవ వర్గముచే గుణింపగా వచ్చు సంఖ్య యనియు, తొంబదియాఱు మాఱులు సగము చేయదగిన సంఖ్య యనియు. రెండు యొక్క మొదటి వర్గము 4, రెండవది 16, మూడవది 256. ఇట్లు అయిదవది 2³², ఆఱవది 2⁶⁴. వాని లబ్ధము 2⁹⁶. అరువది నాలుగును ముప్పది రెండును కలిసి తొంబదియాఱు! లోకజనాభాను గూర్చిన వారి విశ్వాసము నేడు మనకు ప్రమాణము గాదు. కాని ఒకే సంఖ్యను రెండు దారులలో చెప్పుటలో ఘాతాంకన్యాయము స్పష్టముగా నిలిచియున్నది. 9వ శతాబ్దినాటి వీరసేనాచార్యుడు తన ధవళా వ్యాఖ్యలో, ఒక సంఖ్యను ఎన్ని మాఱులు సగము చేయవచ్చునో దానికి 'అర్ధచ్ఛేదము' అని పేరిడి, రెండు సంఖ్యల లబ్ధమున కర్ధచ్ఛేదములు ఆ రెంటి యర్ధచ్ఛేదముల మొత్తమని విధించెను. పాశ్చాత్యదేశముల నేపియరు 1614లో వెలయించిన సంవర్గమానములకు మూలమైన భావమిదియే.

ఆ కాలమున మన సిద్దిపేట ప్రాంతము రాష్ట్రకూటుల యేలుబడిలోనిది. వారి సామంతులైన చాళుక్యులు వేములవాడనుండి పాలించుచుండిరి. కొలనుపాక జైనక్షేత్రముగా ప్రసిద్ధి కెక్కెను. పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో కుర్క్యాల చెంత బొమ్మలగుట్టపై చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములు నేటికిని కలవు. ఈ రాష్ట్రకూట రాజ్యముననే, అమోఘవర్ష నృపతుంగుని కాలమున, అనగా 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును రచించెను. ఒకటి మొదలు మహాక్షోభము వఱకు ఇరువది నాలుగు స్థానముల పేళ్లు చెప్పి, రెట్టించుచు పోవు శ్రేఢుల మొత్తములను కనుగొనుటకు పింగళుని యా సగము చేయు పద్ధతినే ఆయన వినియోగించెను.

ఈ గ్రంథమునే తెలుగునేల తీరప్రాంతమునకు చెందిన పావులూరి మల్లన 11, 12 శతాబ్దుల నడుమ పద్యములలో తెనిగించెను. తాను శైవుడగుటచే ఉదాహరణములలోని జైనవాతావరణమును తీసి శైవమును నిలిపెను గాని, గణితమును చెడనీయలేదు. తెలుగున శాస్త్రగ్రంథమనదగిన వానిలో మొదటిది యిదియే. మతము మాఱినను, భాష మాఱినను, లెక్క మాఱలేదు. ఇంతకంటె విద్యకు గౌరవమేమి కావలెను?

చదరంగపు గడులను గూర్చి మల్లన పేరిట ఒక పద్యము తెలుగునాట ప్రసిద్ధము. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇట్లు అరువది నాలుగు గడులను నింపిన మొత్తమెంత? అంకెలకు బదులు శరములన అయిదు, వేదములన నాలుగు, గగనమన సున్న అనునట్టి సంకేతపదములను కూర్చి, అంకెలు కుడినుండి యెడమకు నడచు సంప్రదాయము ననుసరించి, ఆ పద్యము చెప్పు సంఖ్య 18446744073709551615. మేము కాగితముపై వేసి చూచితిమి. ఒక్క యంకెయు తప్పలేదు. చూడదలచిన వారికి దారి సులభము. 1 + 2 + 4 + 8 = 15; ఇది తరువాతి గడిలోని 16కు ఒకటి తక్కువ. ఎన్ని గడులకైనను ఇంతే. కావున మొత్తము 2⁶⁴ కంటె ఒకటి తక్కువ. 2⁶⁴ కొఱకు రెండును ఆఱు మాఱులు వర్గము చేసిన చాలును: 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆఱవది 18446744073709551616. ఒకటి తీసివేసిన మల్లన సంఖ్య చేతికి వచ్చును. క్రీ. శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీ మహాపండితుడును ఇదే చదరంగపు లెక్కను గడులను వర్గించు పద్ధతిచేతనే సాధించెను.

ఇంతవఱకు ఒక్క సంఖ్య ఘాతములు. పెక్కు అవ్యక్తరాశులు కలిసిన సమాసములను సూక్ష్మీకరించుట బీజగణితము పని. 1150లో సిద్ధాంతశిరోమణిని ముగించిన భాస్కరాచార్యుడు తన బీజగణితమున అవ్యక్తములకు యావత్తావత్తు, కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని పేళ్లు పెట్టెను. మొదటిది తప్ప తక్కినవన్నియు రంగుల పేళ్లే: నలుపు, నీలము, పసుపు, ఎఱుపు. ఒకే రంగును ఒకే రంగుతో గుణించిన వర్గమో ఘనమో యగును. వేఱు రంగులను గుణించిన 'భావిత'మై రెండు పేళ్లును ప్రక్కప్రక్కన నిలుచును. పడుగున ఎఱ్ఱనూలును పచ్చనూలును వేఱువేఱుగా లెక్కించు మన నేతగానికి ఈ న్యాయము కొత్త గాదు. నేటి గుర్తులలో, అ³ఇ² అను రాశిని వర్గము చేసి అ⁴ఇ చే భాగింపుమనిన, 'అ'లను 'అ'లతోను 'ఇ'లను 'ఇ'లతోను లెక్కింపవలెను. వర్గము అ⁶ఇ⁴, భాగింపగా అ²ఇ³. రంగు రంగునే వెదకికొనును.

ఇచట పేళ్ల మహిమ యొకటి చూడదగియున్నది. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో నుండిన డయోఫాంటసు వర్గము పేరును ఘనము పేరును జతచేసి అయిదవ ఘాతమునకు పేరిడెను. అనగా అతడు కూడెను. మనవారు 'వర్గఘన'మనిన ఆఱవ ఘాతము. వర్గము యొక్క ఘనము గనుక గుణించిరి. అయిదవ దానికి 'వర్గఘనఘాత'మనిరి. వర్గఘనముల గుణకారమని అర్థము. ఘాతమనగా దెబ్బ, గణితమున గుణకారము. చూడుడు! తరగతులలో పిల్లలు చేయు రెండవ పెద్ద తప్పు 2³ × 2² = 2⁶ అని వ్రాయుట. కూడవలసిన చోట గుణించుట. ఆ రెంటికి నడుమ నున్న భేదమును మన పూర్వులు పేరులోనే, ఒక్క 'ఘాత'మను మాటలో నిలిపిరి. నేటి తెలుగు పాఠ్యపుస్తకములలోని 'ఘాతాంకము' ఆ మాట బిడ్డయే: ఎన్ని దెబ్బలు వేసితివో చెప్పు అంకె. పశ్చిమదేశములలో 1544లో స్టీఫెలు ఈ యంకెకు పేరిడెను. 1637లో డేకార్టు దానిని అక్షరము భుజముపై నెక్కించి నేటి రూపమిచ్చెను. ఆ గుర్తు వచ్చిన పిమ్మట వ్రాత తేలికయైనది. అయితే గుర్తు తేలికయైన కొలది దాని వెనుకనున్న లెక్కను మఱచుటయు తేలికయైనది.

ఋణఘాతాంకములు మాత్రము మన యిండ్లకు కొత్తవా? ఆ సాయంకాలము మేము బాలికకు 4⁻¹ అనగా నాలుగవ వంతు, 4⁻² అనగా పదునాఱవ వంతు అని చెప్పుచుండగా, చీర మడచుచున్న నాయనమ్మ తల యెత్తి, "పావుల పావు వీసమే గద!" అనెను. ఆమె బడికి పోయినది కాదు. పావు నాలుగవ వంతు. వీసము పదునాఱవ వంతు. కాని అరువది నాలుగవ వంతు. పావును పావుచే గుణించిన వీసము: 4⁻¹ × 4⁻¹ = 4⁻². వీసములో పావు కాని: 4⁻² × 4⁻¹ = 4⁻³. 1957లో దశాంశ నాణెములు వచ్చువఱకు రూపాయికి పదునాఱణాలు, అణాకు నాలుగు కానులుగా ఈ మెట్లు ప్రతి సంతలోను నడచెను. మన పాత కరణముల లెక్కలలో పావులకు నిలువుగీతలు, వీసములకు అడ్డగీతలు, ఆ క్రింది మెట్టునకు మరల నిలువుగీతలు వాడిరి. 2008లో యూనికోడు వర్ణపట్టికలో ఈ గుర్తులు చేరినపుడు వానికి నాలుగు యొక్క బేసి ఘాతముల అంకెలు, సరి ఘాతముల అంకెలు అనియే పేరిడిరి. మన ముత్తవ్వలు కూరగాయల బేరములో వాడినది ఋణఘాతాంకన్యాయమని వారికిని తెలియదు, వారి మనుమరాండ్రకును మనము తెలుపలేదు.

ఇంత సంపద గల యింట బిడ్డ "గది సూత్రం గద" యని యేల యేడ్వవలెను? సిద్దిపేట 2016 వఱకు మెదకు జిల్లాలోనిది. నిజాము సంస్థానమున 1884 ప్రాంతమున పారసీకము స్థానమున ఉర్దూ ప్రభుత్వభాష యయ్యెను. పై చదువులకును అదియే మాధ్యమమయ్యెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో సకలశాస్త్రములను బోధించుటకు పూనుకొని, దేశభాష ఉన్నతవిద్యకు పనికిరాదనువారి నోరు మూయించినది. అందుకు దానిని మెచ్చుకొనవలసినదే. కాని ఇంట తెలుగు పలుకు మెదకు బాలునకు జబర్ ఓ ముఖాబలా యను పేరును కువ్వత్ నుమా యను మాటయు ఎంత దూరములు! 1930లో ఇదే జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ కూడినది. దానితోపాటే మహిళాసభయు జరిగినది. మాతృభాషలో విద్య, స్త్రీవిద్య, గ్రంథాలయములు ఆ యుద్యమము కోరికలలో ముఖ్యములు. 1948లో సంస్థానము భారతదేశమున చేరిన పిమ్మట తెలుగు బడులు విస్తరించినవి. 2022–23నుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలోను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించి, పుస్తకములలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా నచ్చుపడుచున్నవి.

అయితే దోషమంతయు పరభాషదని తప్పించుకొనుట న్యాయము గాదు. మన పూర్వులును సూత్రమును పద్యమున బిగించి కంఠస్థము చేయించిరి. కారణమును గురుముఖమునకు విడిచిరి. గురువు పోయిన వెనుక పద్యము మంత్రమైనది. ఆ విద్యయు కొన్ని యిండ్ల మగబిడ్డలకే దక్కినది. పావుల పావు వీసమని తెలిసిన స్త్రీకి పుస్తకము ముట్ట నీయలేదు. తెలుగులో చెప్పినను కారణము చెప్పని చదువు చదువు గాదు. ఇంగ్లీషులో చెప్పినను కారణమును ఇంటి మాటలో విప్పి చూపిన చదువు నిలుచును. మాతృభాష వలని లాభము అందులోని మాటలు తియ్యనివని గాదు. కారణమడుగుటకు బిడ్డకు ధైర్యము కలుగునని.

కావున గృహస్థులగు మా పాఠకులను కోరునది యొకటే. మీ బిడ్డ సూత్రము వల్లించిన నాడు మెచ్చి యూరకుండక, ఎందుకని యడుగుడు. మీకు తెలియకున్న సిగ్గుపడకుడు. ఇద్దఱును కలిసి ఒక గుడ్డ తీసికొని మడచి చూడుడు. ఇంటిలో ముసలివారిని పిలువుడు. వారి యొద్ద పుస్తకములలో లేని సగము పాఠమున్నది.

ఆ రాత్రి మేము సెలవు తీసికొనునపుడు బాలిక ఎఱ్ఱగీత క్రింద లెక్కను మరల వ్రాసి చూపినది: 2³ × 2² = 2⁵. ఒప్పే. కాని మాకు సంతోషము కలిగించినది ఆ యొప్పు గాదు. దాని ప్రక్కన చిన్న యక్షరములతో "మూడు మడతలు, ఇంకో రెండు మడతలు" అని తనకు తానే వ్రాసికొన్నది.